ఊరగాయ జాడి: అంగడి సరకుల పూర్వకథ

వేసవిలో మామిడికాయ టెంక పట్టినంతనే తెనాలి, బాపట్ల, రేపల్లె అంగళ్లలో ఉప్పు, ఆవాలు, మిరపకాయలు, పప్పునూనె, పింగాణి జాడీలకు గిరాకి పుట్టును. వీనిలో కొన్నిటి పూర్వకథను నాలుగు మాటలలో మనవి చేసెదను.

మిరపకాయ మన దేశపుది కాదు. అమెరికా ఖండపు పంటయగు దీనిని 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు మనకు తెచ్చిరి. అంతకు పూర్వము మన వంటకములకు ముఖ్యముగా కారమిచ్చినది మిరియము.

ఉప్పు కథ వేఱు. బాపట్లకు సముద్రము ఆమడలోపే కలదు. అయినను ఆంగ్లప్రభుత్వపు ఉప్పు చట్టముల ననుసరించి అనుమతి లేనిదే ఉప్పు పండించుట నేరమయ్యెను. అలల చప్పుడు వినుచు నిద్రించువాడును పన్నుతో కూడిన ఉప్పునే కొనవలసి వచ్చెను. గంజి త్రాగు పేదకును జమీందారునకును మణుగుపై పన్ను ఒక్కటే! 1930లో గాంధీమహాత్ముడు దండి తీరమున ఆ శాసనమును ధిక్కరింపగా, మన ఆంధ్రతీరమునను ప్రజలు ఉప్పు వండి చెఱసాలల కేగిరి. 1947లో ఆ పన్ను తొలగెను.

ఫ్రాన్సు దేశీయుడు నికొలా అప్పేర్ 1810లో, ఆహారమును సీసాలలో బిగించి, నీట కాచి నిలువచేయు పద్ధతిని ప్రకటించెను. మన గృహిణులు అగ్నికి మాఱుగా ఉప్పును నమ్మిరి. ఉప్పు ముక్కలోని నీటిని లాగును. పులుపు క్రిములను అణచును. పైకి తేలిన నూనె గాలిని ఆపును. ఉప్పు, పులుపు లోహమును తినివేయును గనుక జాడీయే తగిన పాత్ర.

జాడి కొనునపుడు వ్రేలితో మీటి నాదము వినుడు. బీటయున్నచో బొంగురుగా పలుకును. ఇక ఉప్పందురా, ఈ సరకులన్నిటిలో నేడు అదియే చౌక. ఆ చౌక ఊరక వచ్చినది కాదని మనుమలకు చెప్పుడు.