కర్రదుంప ప్రయాణం: ఫిలిప్పైన్స్ కసావా కేకు చరిత్ర

ఫిలిప్పైన్స్ వాళ్ళు పనిచేసే చోట, అది దుబాయిలో ఆసుపత్రి కావచ్చు, కాలిఫోర్నియాలో ఆఫీసు కావచ్చు, అందరూ తలా ఒక వంటకం తెచ్చి పంచుకునే రోజున బల్ల మీద తరచు ఒక అల్యూమినియం పళ్ళెం కనిపిస్తుంది. పైన అక్కడక్కడా మాడిన మచ్చలతో మీగడలాంటి పొర. కింద జిగటగా, కొంచెం గాజుమెరుపుతో పసుపుపచ్చని ముద్ద. పేరు కసావా కేకు. తిన్న తెలుగువారికి అది జున్నునో హల్వానో గుర్తు చేస్తుంది గాని కేకును కాదు. అందులో తప్పేమీ లేదు. దానిలో మైదా లేదు, పొంగించే సోడా సాధారణంగా లేదు, గిలకొట్టి గాలి పట్టించే పనీ లేదు. కేకు అన్న మాట ఈ వంటకానికి ఆలస్యంగా, ఇంగ్లీషుతో పాటు వచ్చి చేరింది. దాని ఇంటి పేరు బిబింగ్కా.

బిబింగ్కా అంటే మొదట బియ్యపు రొట్టె. నానబెట్టి రుబ్బిన బియ్యానికి కొబ్బరిపాలు కలిపి, అరటాకు పరచిన మట్టిమూకుడులో పోసి, కింద నిప్పులు పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాలుస్తారు. ఓవెన్ లేని వంటింట్లో పైనుంచీ కిందనుంచీ ఒకేసారి వేడి తగిలించే ఉపాయం ఇది. క్రిస్మస్‌కు ముందు తొమ్మిది రోజులు తెల్లవారుజామున జరిగే ప్రార్థనల తర్వాత చర్చి గుమ్మం దగ్గర అమ్మేది ఈ బియ్యపు బిబింగ్కానే. మలేసియా, ఇండోనేసియాలలో దీనికి బింగ్కా అన్న చుట్టముంది. గోవాలో పొరలు పొరలుగా చేసే బెబింకాకూ దీనికీ పేరులో పోలిక స్పష్టంగానే ఉన్నా, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న వాదన తేలలేదు. బియ్యం స్థానంలో కర్రపెండలం తురుము చేరినప్పుడు అది కర్రపెండలం బిబింగ్కా అయింది.

ఆ దుంపకు తగాలోగ్ భాషలో ఉన్న పేరు తెలుగువారిని ఒక్క క్షణం ఆపుతుంది. కామోతెంగ్ కాహోయ్ అంటే కర్ర చిలగడదుంప. తెలుగులో కర్రపెండలం. తమిళంలో మరవళ్ళి, అంటే చెట్టు వళ్ళిదుంప. మలయ్‌లో ఊబి కాయు, అక్షరాలా కర్రదుంప. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇన్ని భాషలు ఒకే పద్ధతిలో పేరు పెట్టాయంటే కారణం మొక్కలోనే ఉంది. మిగతా దుంపలు తీగలకు ఊరితే, ఇది నిటారుగా నిలిచే కొయ్యలాంటి కాండం కింద ఊరుతుంది. నాటేది కూడా ఆ కాండం ముక్కనే. కొత్తగా వచ్చిన దుంపను ఎవరికి వారు తమకు తెలిసిన దుంపతో పోల్చి, పక్కన కర్ర అనో చెట్టు అనో చేర్చారు. ఫిలిప్పైన్స్ వాళ్ళు పోల్చిన కామోతె అన్న మాట కూడా వాళ్ళది కాదు. అది మెక్సికోలోని నహువాట్ల్ భాష నుంచి స్పానిష్ ద్వారా వచ్చింది. మన సపోటా అన్న మాటకు మూలం కూడా ఆ నహువాట్ల్ భాషే.

కర్రపెండలం పుట్టిల్లు అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతపు దక్షిణపు అంచు. అక్కడి నుంచి పసిఫిక్ సముద్రం దాటించినవి మనీలా గాలియన్లు. 1565లో ఉర్దానెతా అనే నావికుడైన సన్యాసి ఫిలిప్పైన్స్ నుంచి మెక్సికోకు తిరుగుదారి కనిపెట్టాడు. అప్పటి నుంచి 1815 వరకు, రెండున్నర శతాబ్దాల పాటు, అకపుల్కో, మనీలాల మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. చరిత్ర పుస్తకాలు వాటిలో వెళ్ళిన చైనా పట్టు గురించి, వచ్చిన వెండి గురించి పేజీలు నింపుతాయి. వంటింటి చరిత్రకు కావలసింది వెండి కాదు. ఓడల మీద లెక్కా పత్రం లేకుండా వచ్చిన విత్తనాలూ, దుంపలూ, కాండం ముక్కలూ. అనాస, బొప్పాయి, జామ, సీతాఫలం, సపోటా, ఇవన్నీ అమెరికా ఖండపు పంటలు. ఇప్పుడు వీటిని ఫిలిప్పైన్స్ పళ్ళు కావని అంటే మనీలా బజారులో నవ్వుతారు. బదులుగా మామిడి అటు వెళ్ళింది. మెక్సికోలో ఈనాటికీ ఒక మామిడి రకం పేరు మనీలా.

కొబ్బరి మాత్రం ఇంటిదే. 1521లో మెగలన్‌తో వచ్చిన పిగఫెట్టా అక్కడి కొబ్బరిచెట్టు గురించి, దాని నుంచి పాలు, నూనె, కల్లు ఎలా తీస్తారో ఆశ్చర్యంతో రాసుకున్నాడు. ఈ వంటకంలో అసలు కీలకం ఇక్కడ ఉందనిపిస్తుంది. కర్రపెండలాన్ని పచ్చిగా తినకూడదు. దానిలోని లినమరిన్ అనే పదార్థం, దుంప కణాలు చితికినప్పుడు అక్కడే ఉన్న ఎంజైముతో కలిసి విడిపోయి చివరకు హైడ్రోజన్ సయనైడ్‌ను వదులుతుంది. అది సుమారు 26 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరవుతుంది. కనుక దుంపను సన్నగా తురమడం, పిండి నీరు తీసేయడం, బాగా ఉడికించడం, ఈ మూడూ రుచికోసం చేసే పనులు కావు. అమెజాన్ ప్రజలు ఇందుకోసం పొడవాటి అల్లిక గొట్టాలలో తురుమును కుక్కి పిండేవారు. ఆ గొట్టాలు గాలియన్ ఎక్కలేదు. అయినా ఫిలిప్పైన్స్ ఆడవాళ్ళకు తురమడం, గుడ్డలో వేసి పిండడం కొత్త పనులు కావు. తరతరాలుగా కొబ్బరికి చేస్తున్నవే. కొబ్బరికి పిండిన పాలు ఉంచుకుని పిప్పి తీసేస్తారు. కర్రపెండలానికి పిండిన నీరు పారబోసి పిప్పి ఉంచుకుంటారు. రెండు పనులూ ఒక గిన్నెలో కలిస్తే కసావా బిబింగ్కా.

పై పొర కథ వేరు. అది డబ్బాల కథ. పాడి పశువులు తక్కువైన ఆ దీవులలో గేదెపాలతో కొన్ని మిఠాయిలు చేసేవారు గాని, రోజువారీ వంటకు పాలంటే కొబ్బరిపాలే. 1898లో స్పెయిన్ చేతి నుంచి దీవులు అమెరికా చేతికి వెళ్ళాయి. 1901లో థామస్ అనే ఓడలో ఐదు వందల మందికి పైగా అమెరికన్ ఉపాధ్యాయులు దిగారు. బడులతో పాటు గృహవిజ్ఞాన పాఠాలూ, కొలత కప్పులూ, డబ్బా పాలూ వచ్చాయి. గెయిల్ బోర్డెన్ చక్కెర కలిపిన గట్టిపాలకు పేటెంటు తీసుకున్నది 1856లో. చక్కెర లేని చిక్కటి డబ్బాపాలు 1885 నాటివి. ఫ్రిజ్ లేని ఉష్ణదేశానికి ఇవి అతికినట్టు సరిపోయాయి. ఇప్పటి వంటకంలో ఒక కిలో తురుముకు ఒక డబ్బా గట్టిపాలు, ఒక డబ్బా చిక్కటిపాలు, కొబ్బరిపాలు, గుడ్లు, వెన్న కలిపి 175 డిగ్రీల దగ్గర ముప్పావుగంట నుంచి గంట కాలుస్తారు. ఆపైన గట్టిపాలు, కొబ్బరిపాలు, పచ్చసొన కలిపిన పొర పోసి మళ్ళీ ఓవెన్‌లో పెడతారు. కొలతలు డబ్బాలలోనే చెప్పడం ఆ కాలపు ముద్ర.

పళ్ళు ఈ పొర కింద చేరతాయి. పనస తొనల చీలికలు అందరికీ ఇష్టం. మామిడి, అనాస వేసేవాళ్ళూ ఉన్నారు గాని, వాటి రసం ముద్దను గట్టిపడనివ్వదు. పాకంలో ఉడికించి నీరు తగ్గించి వేయడం తెలివైన పని. అన్నిటికంటే విచిత్రమైనది మకపునో. లోపల నీటికి బదులు మెత్తని జెల్లీ లాంటి గుజ్జు నిండే కొబ్బరికాయ అది. జన్యులోపం వల్ల అలా కాస్తుంది. ఆ గుజ్జు పిండాన్ని పోషించలేదు గనుక కాయ మొలకెత్తదు. పిండాన్ని వేరు చేసి గాజునాళికలో పెంచే పద్ధతిని 1960లలో లోస్ బాన్యోస్ వ్యవసాయ కళాశాలలో ఎమెరిటా డి గుజ్మన్ రూపొందించాకనే మకపునో తోటలు వేయడం సాధ్యమైంది. అమ్మమ్మల నాటిదనుకునే కేకు మీద ప్రయోగశాలలో పుట్టిన చెట్టు కొబ్బరి ఉండడం ఎవరికీ వింతగా తోచదు.

ఇంత ప్రయాణం చేసినా ఈ దుంపకు గౌరవం రాలేదు. చదువు రాని పిల్లవాణ్ణి ఇంటికి పోయి కామోతె నాటుకోమని పంతుళ్ళు తిట్టడం అక్కడ పాత అలవాటు. పరీక్షలో చతికిలబడటాన్ని కామోతె పేరుతోనే క్రియగా వాడతారు. దుంపలు బియ్యం కొనలేనివాళ్ళ తిండి. 1942లో జపాన్ సైన్యం మనీలాలోకి వచ్చాక ఆ భేదం చెరిగిపోయింది. బియ్యం దొరకక, నగరంలో ఖాళీ స్థలాలలో కూడా దుంపలు నాటారు. అదే సంవత్సరం బర్మా జపాన్ వశమై తిరువాన్కూరుకు బియ్యం రావడం ఆగిపోతే అక్కడా జనాన్ని నిలబెట్టినది ఈ దుంపే. ఆ తరం తర్వాత కొందరు దాన్ని ముట్టుకోవడం మానేశారు. కొందరు పాలూ గుడ్లూ పోసి పండగ పళ్ళేనికి ఎక్కించారు.

అనుమానం మాత్రం పోలేదు. 2005 మార్చి 9న బొహోల్ ద్వీపంలో మబిని పట్టణపు బడి దగ్గర కర్రపెండలంతో చేసిన పలహారాలు తిని 27 మంది పిల్లలు చనిపోయారు. వంద మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అందరి వేళ్ళూ మొదట దుంప వైపే చూపాయి. సయనైడ్ అన్న మాట దేశమంతా పాకింది. పరీక్షలలో బయటపడినది కార్బమేట్ అనే పురుగుల మందు. అది దుంపలో పుట్టేది కాదు, మనుషుల చేతుల్లో ఉండేది. దుంప నిర్దోషి అని తేలిన వార్త, అది దోషి అన్న వార్త పోయినంత దూరం పోలేదు.

తెలుగునాట పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల పండే కర్రపెండలం ఎక్కువగా మిల్లులకు వెళ్ళి సగ్గుబియ్యమవుతుంది. పాయసంలో, వడియాలలో దాన్ని తినేవారిలో ఎందరికో అది దుంప అన్న సంగతే తట్టదు. కసావా కేకులో ఆ దాపరికం లేదు. పరాయి దేశంలో దాన్ని చేసేవారికి పచ్చి దుంప, తాజా పనస చాలా చోట్ల దొరకవు. ఆసియా దుకాణం ఫ్రీజరులో తురిమి గడ్డకట్టించిన పొట్లం ఉంటుంది, పక్క అరలో పాకంలో వేసిన పనస, మకపునో సీసాలు. పొట్లం కరిగాక గుడ్డలో వేసి పిండి, ఆ నీరు పారబోసి, అరటాకు దొరికితే ఆకు మీద, లేకపోతే వెన్న రాసిన పళ్ళెంలో పోస్తారు.