ఆయన్నడిగి చెప్తా

చలిగా ఉండాది, మంట దగ్గరికి జరుగు పాపా. రాయవేలూరు నుంచి బస్సు దిగినప్పట్నుంచీ చూస్తా ఉండా, నువ్వు కుదురుగా ఒక చోట కూర్చోలేదు. అక్కడ మీ ఆడబిడ్డ ఉండాది గదా, ఈ ఒక్క రాత్రికి నీ మొగుడికేం కాదు. వెంటిలేటర్ తీసి వార్డులోకి మార్చినారంటే పెద్ద గండం గడిచినట్టే. ఇంక మిగిలింది పడుకునే కాలం. అది ఎంత పొడుగో నాకు తెలుసు, అందుకే చెప్తా ఉండా.

మీ తాతకు క్షయ వచ్చింది 1954లో. మీ అమ్మకు అప్పుడే నడక వచ్చింది. మీ మామ ఇంకా నా కడుపులోనే ఉన్నాడు. మొదట దగ్గు, తర్వాత సాయంత్రమైతే సన్నగా జ్వరం. ఒక రోజు కపిల తోలుతా తోలుతా గట్టు మీద కూలబడి రక్తం కక్కినాడు.

ఆ జబ్బు పేరు ఎవరూ నోరు తెరిచి అనేవాళ్ళు కాదు. ఇంట్లో పెళ్ళి కావాల్సిన పిల్ల ఉంటే వచ్చిన సంబంధం వెనక్కి పోయేది. మా అత్త నన్ను పెరట్లోకి పిలిచి, "ఊళ్ళో ఎవరడిగినా కడుపు నొప్పని చెప్పు" అనింది. ఆమె కూతురి కోసం ఆమె బాధ. నేను తప్పు పట్టను.

మదనపల్లె మాకు దగ్గర, అదీ అదృష్టం. పీలేరులో రైలెక్కితే మదనపల్లె రోడ్డులో దిగేది. అప్పుడది మీటరు గేజి. స్టేషను నుంచి ఊరు దూరం, మళ్ళీ బస్సో, ఎద్దుల బండో. ఊరి బయట ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ శానిటోరియం ఉండేది. క్రైస్తవ మిషన్ సంఘాలు చాలా కలిసి దాన్ని పెట్టినాయి. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోడ్ మోలర్ అనే ఆయన మొదటి పెద్ద డాక్టరు. సముద్రానికి రెండు వేల అడుగుల పైన ఉండే తావు, గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. మందుల్లేని కాలంలో ఆ గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, ఇవే వైద్యం.

మీ తాత అక్కడికి పోయే నాటికి మందులు వచ్చేసినాయి. స్ట్రెప్టోమైసిన్ సూది, 1943లో అమెరికాలో కనుక్కున్నది. ఐసోనియాజిడ్ మాత్ర అప్పటికి రెండేళ్ళ కిందటే వచ్చింది. ఇంకొకటి పాస్ అని, రోజుకు 10, 12 గ్రాములు మింగాల. అది మింగితే కడుపులో తిప్పి, తిన్నదంతా బయటికొచ్చేది. ఒక్క మందే ఇస్తే పురుగు దానికి అలవాటు పడిపోతుందని రెండు మూడు కలిపి ఇచ్చేవాళ్ళు. అవి నెలల తరబడి, ఏడాది దాటినా వాడాల. దానికి తోడు గాలి ఎక్కించేది కూడా చేసినారు. పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి పంపితే ఊపిరితిత్తి ముడుచుకుని, దాంట్లో పడిన బొక్క మూసుకుంటుందంట. ఆ గాలి ఒంట్లో ఇంకిపోతే మళ్ళీ ఎక్కించేది. ఆ సూది ఉందంటే మీ తాత ముందు రాత్రి నుంచీ మాట్లాడేవాడు కాదు.

నన్ను వార్డులో ఉండనియ్యలేదు. కడుపుతో ఉన్న మనిషిని, ఉండనియ్యకపోవడమే న్యాయం. మదనపల్లెలో మా పిన్నమ్మ ఇంట్లో ఉండి చూసే వేళకు పోయేదాన్ని. కానుపయినాక బిడ్డను అమ్మ కాడ వదిలి మళ్ళీ వచ్చినాను. మధ్యాహ్నం విశ్రాంతి గంటలో ఎవరూ మాట్లాడకూడదు. పుస్తకం కూడా చదవకూడదు, కదలకుండా పడుకోవాల. వసారాలో వరసగా మంచాలు, అన్ని మంచాల మీదా మనుషులు, దగ్గు తప్ప సద్దు లేదు. నేను దూరంగా చెట్టు కింద కూర్చుని చూస్తా ఉండేదాన్ని.

ఒక రాత్రి మళ్ళీ రక్తం పడింది, ఈసారి చాలా. తెల్లారి కబురొచ్చి నేను పోయేసరికి ముఖం పాలిపోయి, నన్ను చూసి కన్ను మాత్రం కదిపినాడు. డాక్టరు "ఇప్పుడే ఏమీ చెప్పలేను" అన్నాడు. ఆ వారం నేనేం తిన్నానో, ఎక్కడ పడుకున్నానో గుర్తు లేదు. అక్కడి నర్సమ్మ ఒకామె నన్ను తీసుకుపోయి, రోగిని తూచినట్టు తూచి, "నీ బరువు తగ్గితే ఈ జబ్బు నీకూ వస్తుంది, అప్పుడు అతన్ని ఎవరు చూస్తారు" అని పాలు తాగించింది. నాకూ ఎక్స్‌రే తీసినారు. నువ్వు ఎప్పుడు తిన్నావు పాపా? సంగటి ఉండాది, ఊరిబిండి ఉండాది, లేచి పెట్టుకో.

ఆ గండం గడిచినాకే అసలు కష్టం మొదలయింది. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా ఒకే మాట. "ఇంటి సంగతి నీకెందుకు, మేమంతా లేమా, నువ్వు హాయిగా పడుకో." ప్రేమతోనే అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ మీ తాత ఇంకొంచెం చిన్నవాడయిపోయినాడు. పాస్ మందు మంచం కింద పారబోయడం మొదలుపెట్టినాడు. అడిగితే, "నేను లేకుండానే చెనిక్కాయ విత్తినారు, నేను లేకుండానే పీకినారు, ఇంక నేను లేచి చేసేదేముంది" అన్నాడు.

ఆ వారమే నేను ఊరికి పోయి ఉండగా ఎద్దుల బేరగాడు ఇంటికొచ్చినాడు. సూదులకు డబ్బు కావాల, కాడిలో ఒకదాన్ని అమ్మక తప్పదు. మా మామ సరే అనేసేవాడే. నేను "ఆయన్నడిగి చెప్తా" అని బేరగాణ్ణి పంపేసి, రైలెక్కి పోయి మీ తాతను అడిగినాను. ఆయన చాలాసేపు పైకప్పు చూసినాడు. తర్వాత, "ఎలపటెద్దును ఇయ్యొద్దు. రెండోది ఆరు పళ్ళది, కాలు గట్టిది, వాడు చెప్పిన ధరకు ఇయ్యొద్దు, వారం ఆగితే వాడే వస్తాడు" అన్నాడు. అన్నాక మందు అడిగి మింగినాడు.

వాడు వచ్చినాడు కూడా, ధర పెంచి.

ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరు ఏం అడిగినా నాది ఒకటే జవాబు, ఆయన్నడిగి చెప్తా. బావి పూడిక తీసేదా, రాగి నారు ఎప్పుడు పోసేది, ఆడబిడ్డకు వచ్చిన సంబంధం ఎట్లాంటిది, అన్నీ అడిగినాను. పోలేని రోజుల్లో కార్డు రాసినాను. క్షేమమని రాసి ఊరుకోలేదు. పైరు ఎంత ఎత్తు, వాన ఎంత పడింది, ఎవరికి ఎంత బాకీ, అదీ రాసేది. బాకీ సంగతి రోగికి చెప్తారా అని మా అత్త కోప్పడింది. నేను చెప్పినాను. ఆయన బాకీ ఆయనకు తెలియొద్దా?

పిల్లలకు బీసీజీ వేయించమని కూడా ఆయనే చెప్పినాడు. 1948లో ఆ టీకా మన దేశంలో మొదలైనప్పుడు మదనపల్లెలోనే వేసినారు. ముందు చేతికి పరీక్ష సూది గుచ్చి, మూడు రోజులకు చూసి, వాపు రాని పిల్లలకే టీకా వేసేది. మీ అమ్మ భుజం మీద మచ్చ అదే.

1956లో వానలకు ముందు ఇంటికొచ్చినాడు. స్ట్రెప్టోమైసిన్ వల్ల చెవి దెబ్బతినింది, చీకట్లో నడిస్తే తూలేవాడు. ఆ ఏడే మద్రాసులో వాలెస్ ఫాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరూ, మన డాక్టర్లూ కలిసి పరీక్ష మొదలుపెట్టినారు. కొందరికి శానిటోరియంలో, కొందరికి వాళ్ళ ఇరుకిళ్ళలోనే అవే మందులు ఇచ్చి చూసినారు. ఇంట్లో ఉన్నోళ్ళకూ దాదాపు అంతే నయమయిందని, ఇంట్లో వాళ్ళకు జబ్బు ఎక్కువగా అంటలేదని 1959లో చెప్పినారు. మీ మామ అది చదివి చెప్పిన రోజు నేను ఏడ్చినాను. మా తర్వాత వచ్చిన ఆడవాళ్ళకు ఆ రైలు తప్పింది గదా అని.

ఇంక నీ సంగతి. మీ మామిడి తోట గుత్తకు అడగడానికి దామలచెరువు నుంచి మనిషి వచ్చినాడని మీ నాయన చెప్పినాడు. పూత బాగా పడిందంట. మీ నాయన మాట ఇచ్చేస్తానంటే నేనే ఆపినాను. తోట నీ మొగుడిది. రేపు పోయేటప్పుడు గుత్త కాగితం, ఒక పెన్నూ తీసుకుపో. ఎన్ని చెట్లు పూసినాయి, ఏ పక్క పూయలేదు, అదీ చూసుకుని పో, అతను అడుగుతాడు. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతుంది. పట్టుకోవద్దు, వణకనీ.