ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బాలల మానసిక ఆరోగ్య సేవలు (కర్నూలు, కడప)

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బాలల మానసిక ఆరోగ్య సేవలు అనగా పిల్లల ఎదుగుదల లోపాలను, ప్రవర్తనా సమస్యలను, మానసిక వ్యాధులను ఊరికి దగ్గరలోని సాధారణ వైద్యశాలలోనే గుర్తించి, చికిత్స మొదలుపెట్టి, అవసరమైనవారిని పెద్దాసుపత్రికి పంపే విధానము. పిల్లల మానసిక వైద్య నిపుణులు ఎక్కువగా నగరాలలోనే ఉన్నందున రాయలసీమలోని కర్నూలు, కడప వంటి మెట్ట ప్రాంతాలకు ఇది ముఖ్యమైనది. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015-16) ప్రకారము 13-17 ఏళ్ళ వయసువారిలో 7.3 శాతం మందికి మానసిక రుగ్మతలు ఉన్నవి.

నేపథ్యం

భారత ప్రభుత్వము 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమును ప్రారంభించినది. దీనిని జిల్లా స్థాయిలో అమలుచేసే పద్ధతిని బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 1985-1990 మధ్య బళ్ళారి జిల్లాలో రూపొందించినది. బళ్ళారి కర్నూలుకు పొరుగు జిల్లా. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు అందులోనివే. ఈ నమూనాపై 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశంలోని నాలుగు జిల్లాలలో మొదలైనది. వాటిలో మెదక్ ఒకటి. అయితే ఇందులో ప్రాధాన్యము తీవ్ర మానసిక వ్యాధులకు, మూర్ఛకు, బుద్ధిమాంద్యానికి దక్కినది. పిల్లల దిగులు, భయము, చదువులో వెనుకబాటు వంటివి చాలాకాలము మరుగునే ఉండిపోయినవి.

సేవల అమరిక

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టుక నుండి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించుటకు ఉద్దేశించినది. సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఒకసారి చూడవలెను. మాట ఆలస్యము, ఆటిజం, అభ్యసన లోపాలు, నిలకడలేమి కూడా ఈ పరీక్షల పరిధిలోనివే. సేవల క్రమము ఇట్లుండును:

* ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయులు: లక్షణాలను గమనించుట, తల్లిదండ్రులకు చెప్పుట
* ప్రాథమిక ఆరోగ్య కేంద్ర వైద్యుడు: పరీక్ష, సలహా, మూర్ఛ వంటివాటికి మందులు, తిరిగి చూచుట
* కర్నూలు (1956), కడప (2006) వైద్య కళాశాలల ఆసుపత్రులు: నిపుణుల చికిత్స

ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు విద్యాశాఖ భవిత కేంద్రాలు తోడ్పడును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ (14416) ద్వారా ఫోనులో ఉచిత సలహా లభించును.

చట్టం

2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2017 ప్రకారము మానసిక వైద్యము పొందుట ప్రజల హక్కు. ప్రాథమిక స్థాయితో సహా అన్ని స్థాయిల వైద్యములోనూ ఈ సేవలను కలపవలెనని, బాలలకు ప్రత్యేక సేవలు ఉండవలెనని ఈ చట్టము చెప్పుచున్నది.

సమస్యలు

కర్నూలు జిల్లా పడమటి మండలాలలో వానలు లేని ఏడు కుటుంబాలు మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు వలసపోవును. దీనిని స్థానికముగా సుగ్గికి పోవుట అందురు. తల్లిదండ్రులతో వెళ్ళిన పిల్లలకు బడితోపాటు బడిలో జరిగే వైద్య పరీక్షయు తప్పిపోవును. మొదలుపెట్టిన మందు నడుమ ఆగిపోవును. మూర్ఛ మందును హఠాత్తుగా ఆపుట ప్రమాదకరము. అవ్వతాతల వద్దనో, సీజనల్ హాస్టళ్ళలోనో ఉండిపోయిన పిల్లలను ఎడబాటు బాధించును. మూర్ఛను, ప్రవర్తనలో మార్పును గాలి సోకుటగా భావించి తాయెత్తు కట్టించుటతో వైద్యము ఆలస్యమగుట కలదు. కావున పరీక్ష జరిగిన ఊరిలోనే కాక, కుటుంబము పోయిన చోట కూడా చికిత్స కొనసాగినప్పుడే ఈ విధానము ఫలించును. పిల్లవాని చికిత్స చీటీ కుటుంబము చేతిలో ఉండుట ఇందుకు తొలి మెట్టు.

ఇవి కూడా చూడండి

* రాయలసీమ
* ప్రాథమిక ఆరోగ్య కేంద్రం
* మూర్ఛ
* ఆటిజం