కొండగెడ్డల్లో పీతలు.. కొత్త జాతిగా నిర్ధారించేది ఇలా

శ్రీకాకుళం: వానలు పడగానే వరి మడుల గట్లపైన, చెరువు కాలువల్లో, కొండగెడ్డల రాళ్ల సందుల్లో పీతలు కనిపించడం ఉత్తరాంధ్ర పల్లెల్లో సర్వసాధారణం. రైతుకు అది గట్టుకు బొరియలు పెట్టి నీరు పోగొట్టే జీవి. గిరిజన కుటుంబాలకు పులుసులోకి దొరికే ఆహారం. అయితే చూపునకు ఒకేలా ఉండే ఈ పీతలన్నీ ఒకే జాతికి చెందినవి కావు. వాటిలో ఏది పాత జాతి, ఏది ఇంతవరకు లోకానికి తెలియని కొత్త జాతి అన్నది తేల్చడానికి నిర్దిష్టమైన శాస్త్రీయ పద్ధతి ఉంది.

సముద్రపు పీతకు, మంచినీటి పీతకు తేడా

సముద్రపు పీత గుడ్ల నుంచి వెలువడే డింభకాలు కొన్ని వారాలపాటు నీటిలో తేలుతూ దూర ప్రాంతాలకు చేరుతాయి. అసలైన మంచినీటి పీతల్లో ఈ దశ లేదు. గుడ్డు నుంచి నేరుగా పిల్ల పీతే బయటకు వస్తుంది. తల్లి తన పొట్ట కింది మడతలో గుడ్లను, ఆపై కొద్ది రోజులపాటు పిల్లలను మోస్తుంది. అందువల్ల ఇవి పుట్టిన గెడ్డను దాటి ఎక్కువ దూరం పోలేవు. ఒక కొండ మీది పీతలు పక్క కొండ మీది పీతలతో కలవకుండా వేల తరాలు గడిస్తే రెండూ వేర్వేరు జాతులుగా మారే అవకాశం ఉంటుంది. దేశంలో ఇప్పటివరకు వందకు పైగా మంచినీటి పీత జాతులు నమోదు కాగా, పశ్చిమ కనుమల నుంచి తరచుగా కొత్త జాతులు వెలుగుచూడటానికి ఇదే కారణం.

తూర్పు కనుమల అంచున ఉన్న ఈ ప్రాంతానికీ ఇటువంటి భౌగోళిక స్వరూపమే ఉంది. ఒడిశాలో పుట్టిన వంశధార కళింగపట్నం వద్ద, మహేంద్రగిరి నుంచి దిగే మహేంద్రతనయ బారువ వద్ద సముద్రంలో కలుస్తున్నాయి. మందస, మెళియాపుట్టి కొండలతో పాటు, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు కొండల నుంచి అనేక గెడ్డలు పల్లానికి ప్రవహిస్తున్నాయి.

రెండు శతాబ్దాల చరిత్ర

ఆంధ్ర వరి పొలాల్లో విరివిగా కనిపించే ఓజియోథెల్ఫ్యూసా సెనెక్స్ అనే పీతను డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ 1798లో తొలిసారి వర్ణించారు. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం సూపరింటెండెంట్‌గా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ 1910లో భారతదేశ మంచినీటి పీతలపై ప్రత్యేక గ్రంథం వెలువరించారు. 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థ (జడ్.ఎస్.ఐ.) ఈ పనిని కొనసాగిస్తోంది. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు పొలం పీతపై పురుగు మందులు, హార్మోన్ల ప్రభావాన్ని విస్తృతంగా అధ్యయనం చేశారు.

నిర్ధారణలో దశలు

రంగును బట్టి జాతిని నిర్ణయించరు. వయసును బట్టి, నీటిని బట్టి, డిప్ప విడిచే కాలాన్ని బట్టి రంగు మారుతుంది. సేకరించిన పీతను ఆల్కహాల్‌లో భద్రపరచి పై డిప్ప పొడవు వెడల్పులు, కళ్ల వెనుక ఉండే గట్ల ఆకారం, డిప్ప అంచున ఉండే పళ్లు, నోటిని కప్పే నోటి కాళ్ల నిర్మాణం, డెక్కల తీరు పరిశీలిస్తారు. అన్నింటికంటే ముఖ్యమైనది పెరిగిన మగ పీత పొట్ట మడత కింద ఉండే సంగమ అవయవం. దాని కొన, వంపు జాతిని బట్టి మారుతాయి. అందుచేత ఆడ పీత ఒక్కటే దొరికితే చాలాసార్లు నిర్ధారణ సాధ్యం కాదు. ఇటీవలి కాలంలో డీఎన్ఏ పరీక్షను కూడా జోడిస్తున్నారు.

ఆపై మ్యూజియంలలోని పాత నమూనాలతో పోల్చి చూస్తారు. ఏ జాతితోనూ సరిపోలకపోతే ఒక నమూనాను మూల నమూనాగా ఎంపిక చేస్తారు. కొత్త జాతికి ప్రమాణం అదే. దొరికిన స్థలం, తేదీ, కొలతలు, చిత్రాలతో కూడిన వర్ణన శాస్త్ర పత్రికలో వెలువడాలి. మూల నమూనా ఏ సంస్థలో ఉన్నదీ అందులో తెలపాలి. అప్పుడే పేరు చెల్లుతుంది. జీవవైవిధ్య చట్టం-2002లోని 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్న వ్యక్తి ఆ సంగతిని నిర్దేశిత సంస్థకు తెలియజేసి నమూనాలను అప్పగించాలి.

స్థానికుల మాటకు విలువ

కేరళలో చెట్టు తొర్రల్లో నిలిచిన వాన నీటిలో జీవించే పీత ఉందని కాణి గిరిజనులు చెప్పిన మాటే పరిశోధకులను దాని వద్దకు నడిపించింది. 2017లో దానికి ‘కాణి మరఞండు’ అని పేరు పెట్టారు. మొదటి మాట ఆ తెగ పేరు కాగా, రెండవది మలయాళంలో చెట్టు పీత అని అర్థమిచ్చే మాట. ఏ గెడ్డలో ఏ రకం పీత ఏ కాలంలో కనిపిస్తుందో సవరలు, జాతాపులకు తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు.

పేరు పెట్టకముందే ముప్పు

ప్రపంచంలోని 1,280 మంచినీటి పీత జాతులపై 2009లో వెలువడిన అధ్యయనం ఆరింట ఒక వంతు జాతులు ముప్పులో ఉన్నాయని తెలిపింది. దాదాపు సగం జాతుల విషయంలో నిర్ణయానికి తగిన సమాచారమే లభించలేదు. ఒకే గెడ్డకు పరిమితమైన జాతికి ఆ గెడ్డ ఎండినా, పురుగు మందుల నీరు చేరినా, చేపల కోసం బ్లీచింగ్ పొడి కలిపినా వెళ్లడానికి మరో చోటు ఉండదు. కుళ్లిన ఆకులను తిని నీటిని శుభ్రపరచే పీతలు కొంగలకు, నీటి కుక్కలకు, చేపలకు ఆహారం కూడా. వాటి సంఖ్య తగ్గితే ఆ లోటు గెడ్డ మీద ఆధారపడిన మనుషుల వరకు చేరుతుంది.

వింతగా తోచిన పీత కనిపిస్తే చంపకుండా, పై నుంచీ పొట్ట వైపు నుంచీ ఫొటోలు తీసి, గెడ్డ పేరు, ఊరు, తేదీ రాసి సమీప డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విభాగానికి అందజేయవచ్చు. రక్షిత అడవుల్లో అనుమతి లేకుండా జీవులను సేకరించరాదు. మంచినీటి పీతల్లో ఊపిరితిత్తులకు వ్యాధి కలిగించే పరాన్నజీవి ఉండే అవకాశం ఉన్నందున వాటిని బాగా ఉడికించి మాత్రమే తినాలి.