కరువు పని నుంచి హోట్గి రోడ్‌కు

హోట్గి రోడ్ అంటే ఇప్పటి పిల్లలకు షోలాపూర్ విమానాశ్రయం దారి. మా ఇంట్లో మాత్రం ఆ పేరు వింటే నాన్న చెప్పిన 1973 వేసవి గుర్తొస్తుంది.

1972లో వానలు పడక మహారాష్ట్రలో చాలా జిల్లాలు ఎండిపోయాయి. సర్కారు కరువు పనులు పెట్టింది. చెరువు కట్టలు, రోడ్లు, కంకర కొట్టుడు. నాన్న అప్పుడు పుణెలో కాలేజీ చదువుతున్నారు. 1969లో మొదలైన ఎన్.ఎస్.ఎస్. తరఫున షోలాపూర్ జిల్లాలోని ఒక పల్లెలో నెల రోజులున్నారు. పిల్లలకు సుకడి అనే బలం పొడి పంచడం, కూలీల హాజరు రాయడం ఆయన పని. పసిపిల్లను చెట్టు కింద పడుకోబెట్టి రాళ్లు కొట్టే తల్లులను అక్కడే చూశారు.

క్యాంపు అయిపోయాక తిరుగు దారిలో షోలాపూర్‌లో దిగి, హోట్గి రోడ్‌లో సాలోళ్ల ఇళ్ల మధ్య ఉన్న దోస్తు ఇంటికి వెళ్లారు. ఒకటే గది, సగం మగ్గం, సగం సంసారం. జొన్నరొట్టె, పల్లీల కారం పెట్టారు. నాన్న పల్లె సంగతులు చెబుతూ "పాపం వాళ్లు" అన్నారట. మూలన బీడీలు చుడుతున్న దోస్తు వాళ్ల అవ్వ చెయ్యి ఆపకుండానే అంది:

"మేము గూడ గట్లనే వచ్చినం బిడ్డా. కరువుల ఇల్లిడిచి నడిచొచ్చినమని మా అత్త చెప్పేది. ఆ రాళ్లు కొట్టేటోళ్లు మాకు పరాయోళ్లు గాదు."

అవ్వ మాట వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1876–78 మహాకరువు దక్కన్‌ను దెబ్బతీసింది. మనం జూనీ మిల్లు అనుకునే షోలాపూర్ మొదటి బట్టల మిల్లు ఆ కరువు మధ్యలోనే, 1877లో మొదలైంది. నూలు, రైలు, మార్కెట్ ఉన్న ఈ ఊరికి నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పద్మశాలీలు తరతరాలుగా వస్తూనే ఉన్నారు. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. చీరలతో పాటు చాదర్లు, టవళ్లు వచ్చాయి. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారం నిలబెట్టారు.

1972 కరువు పనుల అనుభవం కూడా వృథా పోలేదు. మహారాష్ట్ర 1977లో ఉపాధి హామీ చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ అలాంటి చట్టం వచ్చింది.

నాన్న ఆ తర్వాత ఎప్పుడూ "సేవ చేసొచ్చాను" అనలేదు. "చూసొచ్చాను" అనేవారు, అంతే.

పెళ్లిళ్లలో మనం "మా తాతలు వ్యాపారానికి వచ్చిన్రు" అని గొప్పగా చెప్పుకుంటాం. కొందరు అలా వచ్చి ఉంటారు. చాలామంది మాత్రం కడుపు చేతబట్టుకొని వచ్చినవాళ్లే. అందులో సిగ్గుపడేదేమీ లేదు. మీ ఇంట్లో పెద్దలుంటే అడగండి. ఏ ఊరు, ఏ కరువు, ఎవరింట్లో మొదటి ముద్ద తిన్నారు? వాళ్లు చెప్పగలిగినప్పుడే రాసిపెట్టుకోండి.