మన వాడ చరిత్ర – 9: అయ్యగారు లేని ఆదివారాలు



పోయిన భాగంలో ఒంగోలు దిక్కు మాదిగ తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య గురించి మాట్లాడుకున్నాం. ఈసారి మన ఓరుగల్లుకే వద్దాం.

కొన్నేళ్ల కింద హనుమకొండ పక్కన మా సంఘంలో అయ్యగారికి బదిలీ అయింది. ఎనిమిది నెలలు కొత్తాయన రాలేదు. పెద్దలు కూర్చుని పని పంచారు. వాక్యం చెప్పడానికి ఇద్దరు రిటైర్డ్ టీచర్లు. కానుకల లెక్కకు ఒక రైల్వే ఉద్యోగి. గుడి ఊడ్చడం, చాపలు పరచడం, రోగుల ఇళ్లకు పోయి ప్రార్థన చేయడం ఆడవాళ్లకు. జాబితా చదవడం అయిపోయాక మా పెద్దమ్మ లేచి అడిగింది: "పని పంచిన్రు, మంచిదే. పెత్తనం ఎప్పుడు పంచుతరు?"

ఆ ప్రశ్నే నన్ను దోర్నకల్ చరిత్ర దగ్గరికి తీసుకుపోయింది.

దోర్నకల్ ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉంది. మొన్నటిదాకా మన వరంగల్ జిల్లానే. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో తమ డబ్బుతో, తమ మనుషులతో, తమ పెత్తనంలోనే ఒక మిషనరీ సంఘం పెట్టుకుని ఇక్కడికి వచ్చారు. తెల్లవాళ్ల జీతం మీద నడిచింది కాదది. నాడార్ కులంలో పుట్టిన వి.ఎస్. అజరయ్య 1909లో దోర్నకల్‌లో పనికి దిగాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

ఆయన ముందున్న అసలు చిక్కు మనుషుల కొరత. మాల, మాదిగ గూడేలు ఒకదాని వెనక ఒకటి బాప్తిస్మం అడుగుతున్నాయి. గురువులేమో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు ముందు తెలుగు నేర్చుకోవాలి. గురువు వస్తే తప్ప ప్రభువు బల్ల లేదు.

మరి పని ఎట్లా నడిచింది? ఊరి టీచరు మీద నడిచింది. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు ప్రార్థన, ఆదివారం ఆరాధన. అట్లాంటి టీచర్లలోంచే గురువులను తయారుచేశారు. ఇంగ్లీషు రాదని ఆపలేదు, తెలుగులోనే చదివించి అభిషేకించారు. అక్షరం దగ్గరికి రానివ్వని కులాల బిడ్డలు గుడిలో నిలబడి పుస్తకం తెరిచారు. ఇది చిన్న సంగతి కాదు.

రెండో మార్గం సామాన్య సభ్యులే. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పడం నా బాధ్యత అని ఒప్పుకోవాలి. ఏడాదికోసారి సాక్ష్య వారం. ఆ వారం కూలీనాలీ చేసుకునేవాళ్లే పక్క ఊళ్లకు పోయి పాడేవాళ్లు, మాట్లాడేవాళ్లు. రోజు కూలి పోతే పొయ్యి వెలగని ఇళ్లవి. ఆ ఖర్చు ఏ మిషన్ లెక్కలో రాస్తారు? వీళ్ల మాట, నడత చూసి 1930లలో శూద్ర కులాల వాళ్లు కూడా సంఘంలోకి వచ్చారు.

ఇక మా పెద్దమ్మ ప్రశ్న. దోర్నకల్‌లో చదువుకునే వాళ్ల భార్యలకూ శిక్షణ ఇచ్చారు. ఊళ్లో ఆడవాళ్లకు చదువు, శుభ్రత, ప్రార్థన నేర్పింది వాళ్లే. ఒక ఉద్యోగం, ఇద్దరి చాకిరి. కానీ ఊరికి ఆమె పేరు "టీచరమ్మ". పుస్తకంలో ఆమె "ఫలానా టీచరు భార్య".

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అందులో ఒక స్త్రీ బిషప్ కావడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. నంద్యాలలో ఇ. పుష్పలలిత. 1912 నుంచి లెక్కేస్తే 101 ఏళ్లు. పని మొదటి రోజే పంచారు, పెత్తనం పంచడానికి నూరేళ్లు పట్టింది.

పేర్లు చెరిగిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవంలోకి పోయిన దళితులకు ఎస్సీ హోదా లేకుండా పోయింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. మనకు ఇవ్వలేదు. బీసీ-సిలో ఒక్క శాతం చేతిలో పెట్టారు. దాంతో బిడ్డ సర్టిఫికెట్ కోసం సంఘం రిజిస్టర్‌లో పేరే వద్దనుకున్న ఇళ్లు ఎన్నో. పని చేసిన చేతులు ఉన్నాయి, పేరు లేదు. దీన్ని భయం అని తేలిగ్గా తీసేయకండి. ఆ భయాన్ని చట్టమే పుట్టించింది.

మా సంఘానికి తర్వాత కొత్త అయ్యగారు వచ్చారు. ఆ ఎనిమిది నెలల్లో ఒక్క ఆదివారం కూడా ఆరాధన ఆగలేదు. పెద్దమ్మను కమిటీలోకి తీసుకున్నారు. లెక్కల పుస్తకం మాత్రం ఇంకా ఆమె చేతికి రాలేదు. ఆమె అడగడం ఆపలేదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తాను. ఈ సెలవుల్లో మీ ఊరి టీచరమ్మ ఎవరో మీ నాయనమ్మనో, అమ్మమ్మనో అడగండి. ఆమె ఏం నేర్పింది, జీతం ఎవరి పేరున వచ్చేది, ఎవరు ఎదురు తిరిగారు, రాసుకోండి. పేరు బయటపెట్టే ముందు ఆ ఇంటివాళ్లను తప్పకుండా అడగండి. వాళ్లు వద్దంటే, ఆ వద్దన్న మాటను కూడా చరిత్రగానే రాసుకోండి.

మిగతాది వచ్చే భాగంలో.

జై భీమ్.