రెండు మణుగుల మధ్య బాలశిక్ష

విద్యార్థులారా! మణుగు అంటే ఎంత బరువని పాత తరంవారిని అడిగి చూడండి. కోస్తాలో పెరిగినవారు సుమారు 11 కిలోలంటారు. బెంగాల్‌లో పెరిగినవారు 37 కిలోలకు పైమాటే అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఒకప్పుడు ఖరగ్‌పూర్‌లో పెరిగే తెలుగు పిల్లల పుస్తకం మొదటి జవాబు చెప్తే, వీధి చివరి అంగడి రెండో జవాబు చెప్పేది.

బెంగాల్-నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 19వ శతాబ్ది ముగిసేనాటికి ఆ సంస్థ ఖరగ్‌పూర్‌ను పెద్ద కూడలిగా మలచి, అక్కడ వర్క్‌షాపు కట్టడం ప్రారంభించింది. దాని మార్గం దక్షిణాన వాల్తేరు వరకు సాగడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు పనికోసం అక్కడికి చేరాయి. పనితోపాటు పిల్లల చదువూ చూసుకోవాలి కదా!

అప్పట్లో తెలుగు పిల్లవాడు ఏం చదివేవాడు? వీధిబడిలో ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దాలి. తరువాత పలకా బలపం. ఆపైన పెద్ద బాలశిక్ష. 19వ శతాబ్దిలో పుదూరు సీతారామశాస్త్రి రూపొందించిన ఈ పుస్తకం మద్రాసులో అచ్చయి తెలుగునాడంతా వ్యాపించింది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులతో మొదలై రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, నీతివాక్యాలు, తిథులు, నక్షత్రాలు, అరవై సంవత్సరాల పేర్లు వరుసగా వచ్చేవి. ఈనాటి తరగతికొక పుస్తకంలా కాదు, ఒకే పుస్తకంతో ఏళ్ళు గడిచేవి. అర్థం తెలియకుండా వల్లించడమే ఎక్కువని నా అభిప్రాయం, అయినా వల్లించినది మరచిపోయినవారు తక్కువ.

అలా వల్లించే వాటిలో కొలతలు కూడా ఉండేవి. 3 తులాలు పలం, 8 పలాలు శేరు, 5 శేర్లు వీశె, 8 వీశెలు మణుగు. గుణించండి: మణుగుకు 960 తులాలు. తులం 11.66 గ్రాములు కనుక 11.2 కిలోలు. బెంగాల్ లెక్కలో 80 తులాలు శేరు, 40 శేర్లు మణుగు, అంటే 3200 తులాలు, 37.3 కిలోలు. రైల్వేలో సరుకు రవాణా ఛార్జీ కట్టిందీ ఈ పెద్ద మణుగుతోనే. అంటే తండ్రి గూడ్సు షెడ్డులో తూచే మణుగు, కొడుకు ఇంట్లో వల్లించే మణుగుకు మూడింతలకు పైన! సొంత ఊళ్ళో ఉన్న పిల్లవాడికి ఈ చిక్కు లేదు. ఇక్కడివాడికి ఆ పుస్తకం తప్పని అనిపించినా పక్కన పెట్టలేడు, చుట్టూ బెంగాలీ, హిందీ వినిపించే చోట తెలుగు అక్షరం చూపించేది అదే.

పక్కింటి బెంగాలీ పిల్లల చేతిలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో రాసిన 'వర్ణపరిచయ్' ఉండేది. విద్యాసాగర్ పుట్టిన బీర్‌సింహ గ్రామం నేడు ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనిదే. వాడుకలో లేని దీర్ఘ ౠ, ౡలను ఆయన బెంగాలీ వర్ణమాల నుంచి ఆనాడే తీసేశారు. మన బాలశిక్ష 56 అక్షరాలనూ అలాగే ఉంచింది. దీన్ని గౌరవమనాలో, బద్ధకమనాలో మీరే ఆలోచించండి.

మణుగుల తగాదా మాత్రం చట్టంతో తీరింది. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలోలు అమలయ్యాయి. అదే 1956లో, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందేలా రాష్ట్రాలు ప్రయత్నించాలన్న 350-ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది. మీ ఇంట్లో పాత బాలశిక్షో, ఎక్కాల పుస్తకమో ఉంటే కొలతల పుట తెరవండి. అందులోని మణుగు ఏ ఊరిదో తులాలతో లెక్కకట్టి చూడండి.